మఖాచెవ్ – డెల్లా మద్దలీనా: ఫైట్‌కు ముందే శాతం రాసి తాళం వేసే షీట్ (ప్రాజెక్టు డైరీ)

టార్గెట్ ఫైట్: 2025 నవంబరు 15, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్, యూఎఫ్‌సీ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఫైట్లు నడిపే సంస్థ) 322. వెల్టర్‌వెయిట్ (77.1 కిలోల విభాగం) చాంపియన్ జాక్ డెల్లా మద్దలీనా మీదికి, లైట్‌వెయిట్ (70.3 కిలోలు) బెల్టు వదిలేసి పైబరువుకి వచ్చిన ఇస్లాం మఖాచెవ్. మనకది ఆదివారం పొద్దున.

పేరు చెప్పి వదిలేస్తే చాలదు. శాతం చెప్పాలి, ఫైట్ మొదలుకాకముందే ఆ శాతానికి తాళం వేయాలి, అయ్యాక మార్కులు వేసుకోవాలి. "నేను ముందే చెప్పా కదా" అనేవాళ్లు ప్రతి ఆదివారం కనిపిస్తారు, ముందు రాసిపెట్టిన కాగితం మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. ఈ షీట్ మొదలుపెట్టింది అందుకే. కింద ఉన్న ప్రతి లెక్కా మీరు మళ్లీ చేసి సరిచూసుకోవచ్చు.

ఇంకో మాట ముందే: ఇది పందేల కోసం కాదు. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఆన్‌లైన్ పందేల మీద నిషేధం ఉంది. ఈ లెక్కలు పట్టుకుని డబ్బు పెట్టొద్దు. పెట్టకూడదనడానికి కారణాలు డైరీలోనే దొరుకుతాయి.

దశ 1: సామాన్లు

గూగుల్ షీట్ ఒకటి, చాలు. పైథాన్ ప్రోగ్రామింగ్ రాకపోయినా పనైపోతుంది.

1. ఒక్కో ఫైట్‌కి ఒక్కో వరస: తేదీ, చాంపియన్, చాలెంజర్, ఎవరు గెలిచారు, ఎలా గెలిచారు.
2. ఈలో రేటింగ్. చెస్‌లో హంపి, హారికల రేటింగ్ పెరిగింది తగ్గింది అని పేపర్లో చదువుతామే, ఆ పద్ధతే. అందరికీ 1500తో మొదలు.
3. గెలిచే అవకాశం = 1 ÷ (1 + 10^((ప్రత్యర్థి పాయింట్లు − ఇతని పాయింట్లు) ÷ 400)).
4. ఫైట్ అయ్యాక గెలిచినవాడికి కలిపేది: కె × (1 − అతనికి ముందు ఇచ్చిన అవకాశం). ఓడినవాడికి అంతే కోత. కె అంటే ఒక్కో ఫైట్‌కి పాయింట్లు ఎంత గట్టిగా మారాలో చెప్పే అంకె, మొదట కె = 32.
5. మార్కులకి బ్రియర్ స్కోరు. వాతావరణ అంచనాల కోసం గ్లెన్ బ్రియర్ 1950లో పెట్టిన పద్ధతి. ఇక్కడ దాని రూపం తేలిక: గెలిచినవాడికి మీరిచ్చిన అవకాశాన్ని 1లోంచి తీసేసి, వచ్చినదాన్ని వర్గం చేయండి. అది పెనాల్టీ. తక్కువైతే మంచిది. బొమ్మా బొరుసూ వేసేవాడు ప్రతిసారీ 50% అంటాడు కాబట్టి అతని పెనాల్టీ ఎప్పుడూ 0.25.

ఆ 0.25 మీదే మొత్తం ప్రాజెక్టు నిలబడింది. దానికంటే తక్కువ తెచ్చుకోలేని షీట్‌తో ఏం లాభం?

దశ 2: డేటా లీకులు

మొదటి లీకు. గణాంకాల సైట్లో ఫలితాల పేజీ నుంచి పేర్లు కాపీ చేసి పెడితే షీట్ నూటికి నూరు కరెక్ట్ చెప్పింది. ఎందుకంటే ఆ పేజీల్లో గెలిచినవాడి పేరే ముందు వస్తుంది. "మొదటి పేరు గెలుస్తుంది" అనే సూత్రానికి తిరుగుండదు మరి. మార్పు: మొదటి కాలమ్‌లో ఎప్పుడూ చాంపియన్, రెండో కాలమ్‌లో చాలెంజర్, గెలుపోటములు విడి కాలమ్‌లో. చాంపియన్ లేని మామూలు ఫైట్లయితే అక్షరక్రమంలో పెట్టండి, ఎర్ర కార్నర్ నీలం కార్నర్ వరసలో వద్దు. యూఎఫ్‌సీలో చాంపియన్‌కీ, పై ర్యాంకువాడికీ మామూలుగా ఎర్ర కార్నరే ఇస్తారు, అందుకే ఆ రంగులోనే సగం జవాబు దాక్కుని ఉంటుంది.

రెండోది ఇంకా మోసకారి. ఫైటర్ పేజీలో కనిపించే సగటులు (నిమిషానికి ఎన్ని దెబ్బలు, టేక్‌డౌన్లు, అంటే కింద పడేసే ప్రయత్నాలు, ఎంత శాతం ఆపాడు) ఈరోజువి, ఫైట్ నాటివి కావు. కమారు ఉస్మాన్‌ని చూడండి. 2022 ఆగస్టు 20కి ముందు యూఎఫ్‌సీలో అతన్ని ఎవరూ టేక్‌డౌన్ చేయలేదు, ఆ కాలమ్‌లో 100%. ఆ రాత్రి సాల్ట్ లేక్ సిటీలో మొదటి రౌండ్‌లోనే లియోన్ ఎడ్వర్డ్స్ పడగొట్టాడు. ఇవాళ ఆ పేజీ తెరిస్తే 100 కనిపించదు. ఆ ఇవాళ్టి అంకె పెట్టి 2022 ఫైట్‌ని "అంచనా" వేస్తే మోడల్‌కి జరగబోయేది చెవిలో చెప్పినట్టే. సైట్‌లో ఏ తేదీకి ఆ తేదీ సగటు దొరకదు, ఒక్కో ఫైట్ తెరిచి మనమే కూడుకుంటూ రావాలి. అది చేసేదాకా సగటుల కాలమ్‌లన్నీ తీసేశాను. ఈలోకి గెలుపు, ఓటమి చాలు కదా.

డ్రా అయితే చెరి సగం (2016 నవంబరులో వుడ్లీ – థామ్సన్ మొదటి ఫైట్‌లా). నో కాంటెస్ట్ (ఫలితం లేకుండా రద్దైన ఫైట్) అయితే వరసే వద్దు. 2021 మార్చిలో ఎడ్వర్డ్స్ – బెలాల్ ముహమ్మద్ ఫైట్ కంట్లో వేలు తగిలి రెండో రౌండ్‌లో ఆగిపోయింది, దాన్ని ఎవరి ఖాతాలోనూ వేయలేం.

దశ 3: వెల్టర్‌వెయిట్ ఖాతా, కె = 32

2019 నుంచి ఈ బరువులో జరిగిన టైటిల్ ఫైట్లు మాత్రమే. గెలిచినవాడి పేరు ముందు రాస్తున్నా (ఇక్కడ చదవడానికి మాత్రమే, షీట్‌లో కాదు). తర్వాత అతనికి షీట్ ముందు ఇచ్చిన అవకాశం, పెనాల్టీ, అప్పటిదాకా మొత్తం. మొత్తాలు గుండ్రం చేయకముందు కూడినవి.

1. 2019 మార్చి, ఉస్మాన్ – వుడ్లీ: 50.0%, 0.250, మొత్తం 0.250
2. 2019 డిసెంబరు, ఉస్మాన్ – కోవింగ్టన్: 52.3%, 0.228, మొత్తం 0.478
3. 2020 జులై, ఉస్మాన్ – మస్విదాల్: 54.5%, 0.207, మొత్తం 0.685
4. 2021 ఫిబ్రవరి, ఉస్మాన్ – బర్న్స్: 56.6%, 0.189, మొత్తం 0.873
5. 2021 ఏప్రిల్, ఉస్మాన్ – మస్విదాల్: 60.5%, 0.156, మొత్తం 1.029
6. 2021 నవంబరు, ఉస్మాన్ – కోవింగ్టన్: 62.3%, 0.142, మొత్తం 1.171

ఇక్కడిదాకా ముచ్చటగా ఉంది. బొమ్మా బొరుసు వాడికి 1.500, మనకి 1.171.

7. 2022 ఆగస్టు, ఎడ్వర్డ్స్ – ఉస్మాన్: 38.1%, 0.383, మొత్తం 1.554
8. 2023 మార్చి, ఎడ్వర్డ్స్ – ఉస్మాన్: 43.6%, 0.318, మొత్తం 1.872
9. 2023 డిసెంబరు, ఎడ్వర్డ్స్ – కోవింగ్టన్: 59.3%, 0.166, మొత్తం 2.038
10. 2024 జులై, ముహమ్మద్ – ఎడ్వర్డ్స్: 42.7%, 0.328, మొత్తం 2.366
11. 2025 మే, డెల్లా మద్దలీనా – ముహమ్మద్: 47.4%, 0.277, మొత్తం 2.643

బొమ్మా బొరుసు: 2.750. మన షీట్: 2.643. ఇంత చేసి దక్కింది 0.107. షీట్ ఒకవైపు మొగ్గిన పది ఫైట్లలో ఆరు కరెక్ట్, నాలుగు తప్పు.

ఏడో వరస దగ్గర కాసేపు ఆగాలి. ఆ ఫైట్‌లో నాలుగు రౌండ్లయ్యేసరికి ముగ్గురు జడ్జీల కార్డుల్లోనూ ఉస్మాన్ 39–37తో ముందున్నాడు. ఐదో రౌండ్ 4 నిమిషాల 4 సెకన్ల దగ్గర ఎడ్వర్డ్స్ ఎడమ కాలు తలకి తగిలింది, ఉస్మాన్ పడిపోయాడు. ఇంకో 56 సెకన్లు నిలబడి ఉంటే ఆ వరసలో పెనాల్టీ 0.145 పడేది, పడింది 0.383. అంటే ఒక్క తన్నుకి షీట్ మార్కులు అంత మారిపోయాయి. అలాగని షీట్‌ని తిట్టడానికి లేదు, ఎడ్వర్డ్స్‌కి 38% ఇచ్చింది, నూటికి 38 సార్లు జరిగేది జరిగింది. ఒకే ఫైట్ చూసి మోడల్ మంచిదో చెడ్డదో తేల్చేవాళ్లతో నాకు గొడవ ఇక్కడే.

దశ 4: కె పెంచితే?

వరుసగా గెలుస్తున్నవాడికి 62% దాటి ఇవ్వకపోవడం మరీ పిరికితనంగా అనిపించి కె = 64 చేశాను. మిగతాదంతా అలాగే.

ఆరు ఫైట్ల దగ్గర మొత్తం: 0.946 (ముందు 1.171)
ఏడో ఫైట్ తర్వాత: 1.440 (ముందు 1.554)
పదకొండు ఫైట్ల దగ్గర: 2.614 (ముందు 2.643)

ఉస్మాన్ గెలుస్తున్నంతకాలం పోగేసుకున్న లాభమంతా ఏడో ఫైట్ దగ్గర కరగడం మొదలైంది. అప్పటికి షీట్ అతనికి 70.3% ఇచ్చి కూర్చుంది, ఒక్కదెబ్బకి 0.494 పెనాల్టీ. చివరికి మిగిలిన తేడా 0.030. కె విషయంలో రాత్రంతా తల బద్దలు కొట్టుకునేవాళ్లకి చెప్పేది ఒకటే, పదకొండు ఫైట్ల మీద కె తేల్చలేం.

దశ 5: మొద్దు సూత్రం

ప్రతి మోడల్ పక్కనా ఒక మొద్దు సూత్రం పెట్టి తీరాలి. నాది: "చాంపియన్‌కి ఎప్పుడూ 60%."

పదకొండింట్లో చాంపియన్ నిలబెట్టుకున్నవి 7, పోగొట్టుకున్నవి 4.
7 × 0.16 = 1.12
4 × 0.36 = 1.44
మొత్తం 2.560.

రెండు ఈలోలనూ ఓడించేసింది. రేటింగూ అక్కర్లేదు, ఫార్ములా అక్కర్లేదు. అయితే ఒక చిక్కుంది: 60 అనే అంకె ఈ పదకొండు ఫైట్లు చూశాకే పుట్టింది, చూసి రాసిన పరీక్షకి మార్కులెక్కువే వస్తాయి. అందుకని దాన్ని ఇక ముట్టుకోకుండా తర్వాతి ఫైట్ మీద వదిలేశాను.

దశ 6: రెండు దీవులు

అన్నిటికంటే ఎక్కువ టైం తిన్నది ఇదే. మఖాచెవ్ ఖాతా లైట్‌వెయిట్‌లో ఉంది. 2022 అక్టోబరులో ఒలివేరా, 2023లో వోల్కనోవ్‌స్కీ మీద రెండుసార్లు, 2024 జూన్‌లో పోయిరియర్, 2025 జనవరిలో మొయికానో. అదే పద్ధతిలో 1500 నుంచి నడిపిస్తే:

కె 32: 1516 → 1531 → 1545 → 1559 → 1572
కె 64: 1532 → 1561 → 1585 → 1609 → 1632

డెల్లా మద్దలీనాకి ఒకే టైటిల్ ఫైట్ ఉంది కాబట్టి 1517, లేదా 1536.

అంకెలు పక్కపక్కన పెట్టేయడం సులువే. కానీ వెల్టర్‌వెయిట్ 1500, లైట్‌వెయిట్ 1500 ఒకటే అని ఎవరు చెప్పారు? రెండు గుంపుల మధ్య ఫైట్లు జరిగితేనే ఈలో పాయింట్లు అటూ ఇటూ పారతాయి. నా ఖాతాలో ఒక్కటీ లేదు. షీట్ ఎర్రర్ ఏమీ ఇవ్వదు, చక్కగా ఒక శాతం చూపిస్తుంది, అదే ప్రమాదం.

వంతెన కోసం వెతికితే టైటిల్ లేని ఫైట్లలో దొరికింది:

1. 2018 జులై: డాన్ హుకర్ లైట్‌వెయిట్‌లో గిల్బర్ట్ బర్న్స్‌ని నాకౌట్ చేశాడు.
2. 2021 అక్టోబరు: మఖాచెవ్ హుకర్‌ని మొదటి రౌండ్‌లోనే కిమురాతో (చేయి మెలిపెట్టే పట్టు) సబ్మిట్ చేశాడు, అంటే ఓటమి ఒప్పించాడు.
3. బర్న్స్ ఈలోపు వెల్టర్‌వెయిట్‌కి వెళ్లిపోయాడు. 2024 మార్చిలో డెల్లా మద్దలీనా అతన్ని మూడో రౌండ్‌లో ఆపాడు.

మఖాచెవ్ → హుకర్ → బర్న్స్ → డెల్లా మద్దలీనా. దారి ఉంది, కానీ ఆరేళ్ల పొడవు. 2018 బర్న్స్ 70.3 కిలోల మనిషి, 2024 బర్న్స్ 77.1 కిలోల మనిషి, వయసు కూడా మీదపడింది. అతన్ని ఒకే మనిషిగా లెక్కేసి వంతెన కడితే బరువు మోయదు. ఇలాంటి వంతెనలు పదులకొద్దీ ఉంటేనే అర్థం. ఈ ఫైట్‌కి మాత్రం దీవులు దీవులుగానే వదిలేసి, శాతాన్ని గట్టిగా నమ్మకుండా ఉండటమే మేలనుకున్నా.

దశ 7: పెట్టి తీసేసినవి, పెట్టి ఉంచినవి

వరుస విజయాల కాలమ్: తీసేశాను. మఖాచెవ్ ఈ ఫైట్‌కి యూఎఫ్‌సీలో 15 వరుస విజయాలతో వస్తున్నాడు. 2022లో ఎడ్వర్డ్స్ ముందుకి ఉస్మాన్ వచ్చింది కూడా సరిగ్గా 15తోనే. ఆ పరంపర చూపించేదంతా ఈలోలో ఎలాగూ ఉంది, మళ్లీ విడిగా కలిపితే ఒకే విషయాన్ని రెండుసార్లు లెక్కేసినట్టు.

చేతి పొడవు: డెల్లా మద్దలీనా 73 అంగుళాలు, మఖాచెవ్ 70.5. నిలబడి కొట్టుకుంటే లెక్కే, కింద పడ్డాక ఆ రెండున్నర అంగుళాలు ఎవరికి పనికొస్తాయి? దానికి లెక్కలో ఎంత విలువ ఇవ్వాలో పదకొండు వరసలు చెప్పలేవు. రాసి ఉంచా, లెక్కలో కలపలేదు.

వయసు: 34కి ఎదురు 29. ఇదీ రాసి ఉంచిందే.

తక్కువ నోటీసు: దీన్ని మాత్రం ఉంచాలి, ఎందుకంటే ఖాతాలో ఉన్న వరసలే దీనివల్ల తప్పుదోవ పట్టాయి. 2020 జులైలో ఉస్మాన్ మీద ఆడాల్సింది బర్న్స్, కోవిడ్ పాజిటివ్ వచ్చి తప్పుకుంటే మస్విదాల్ వారం కూడా లేకుండా వచ్చాడు. మఖాచెవ్ మీద 2023 అక్టోబరులో ఒలివేరా బదులు వోల్కనోవ్‌స్కీ, 2025 జనవరిలో సరుక్యాన్ నడుం పట్టేసి తప్పుకుంటే ముందురోజు మొయికానో. అంటే మఖాచెవ్ అయిదు విజయాల్లో రెండు పూర్తి ప్రిపరేషన్ లేని ప్రత్యర్థుల మీద. షీట్ వాటికీ మిగతావాటితో సమానంగా పాయింట్లు ఇచ్చేసింది. అది మఖాచెవ్ తప్పు కాదు, ఎదురుగా ఎవర్ని నిలబెడితే వాళ్లని ఓడించాడు, కానీ 1572 అంకెలో కొంత గాలి ఉందని గుర్తుపెట్టుకోవాలి.

మరోవైపు డెల్లా మద్దలీనా 1517 అతనికి అన్యాయం. కెరీర్‌లో మొదటి రెండు ఫైట్లూ ఓడి, ఆ తర్వాత 18 వరుసగా గెలిచిన మనిషి, యూఎఫ్‌సీలో 8కి 8. టైటిల్ ఫైట్లు మాత్రమే చూసే ఖాతాకి ఇవేవీ కనిపించవు.

దశ 8: తాళం (శుక్రవారం, బరువులు చూశాక)

పద్ధతి: షీట్‌ని పీడీఎఫ్ చేసి, నాకే మెయిల్ పెట్టుకున్నా. ఆ మెయిల్ తేదీయే సాక్ష్యం. ప్రత్యర్థి మారితే అంచనా రద్దు, కొత్తగా రాయాలి.

ఈలో, కె 32: మఖాచెవ్ 57.9%
ఈలో, కె 64: మఖాచెవ్ 63.4%
మొద్దు సూత్రం: డెల్లా మద్దలీనా 60%

మొద్దు సూత్రం ఒకవైపు, ఈలో ఇంకోవైపు. ప్రధాన అంచనాగా 57.9% పెట్టాను. దీవుల మధ్య వంతెన లేనప్పుడు ఎక్కువ ధైర్యం చూపించే కె తీసుకోవడానికి కారణం లేదు.

ఎలా ముగుస్తుంది? వెల్టర్‌వెయిట్ ఖాతాలో 11కి 7 జడ్జీల దాకా వెళ్లాయి. మఖాచెవ్ అయిదింట్లో ఒక్కటే వెళ్లింది. రెండూ కలిపితే 16 ఫైట్లు, 8 మధ్యలో ఆగినవి, 8 నిర్ణయానికి వెళ్లినవి. 50–50. షీట్‌కి ఇక్కడ చెప్పడానికి ఏమీ లేదు, అదే రాశాను.

దశ 9: ఫలితం, మార్కులు

మఖాచెవ్ ఏకగ్రీవ నిర్ణయంతో గెలిచాడు, ముగ్గురు జడ్జీలూ 50–45. రౌండ్ తర్వాత రౌండ్ కింద పడేసి, పైనే ఉండి నొక్కిపెట్టాడు. డెల్లా మద్దలీనా లాంటి చేయి ఉన్నవాడికి నిలబడి కొట్టే టైమే ఇవ్వలేదు. ఇంత ఏకపక్షమైన ఫైట్ గురించి షీట్‌లో ఒక్క ముక్క లేదు, ఎందుకంటే ఎవరు ఎవర్ని కింద పడేయగలరన్న కాలమే లేదు.

పన్నెండు ఫైట్ల తర్వాత మొత్తం (బ్రాకెట్లో పదకొండు దగ్గర ఉన్నది):

బొమ్మా బొరుసు: 3.000 (2.750)
మొద్దు సూత్రం: 2.920 (2.560)
ఈలో కె 32: 2.820 (2.643)
ఈలో కె 64: 2.747 (2.614)

నిన్నటిదాకా ముందున్న మొద్దు సూత్రం ఒక్క రాత్రిలో మూడో స్థానానికి పడిపోయింది. ఇప్పుడు దీన్ని తిప్పి చూడండి. డెల్లా మద్దలీనా గెలిచి ఉంటే మొద్దు సూత్రం 2.720, కె 32 2.979, కె 64 3.016. అంటే ఇవాళ మొదటి స్థానంలో కనిపిస్తున్న కె 64, అప్పుడు బొమ్మా బొరుసు కంటే కింద ఉండేది. ఇలాంటి పట్టిక చూపించి ఎవరైనా "మా మోడల్ బెస్ట్" అంటే నమ్మకండి, ఎన్ని ఫైట్ల మీదో అడగండి. ఊరికే ఊహిస్తే వచ్చే సరైన జవాబుల శాతం 12 ఫైట్ల మీద 50కి అటూ ఇటూ 14 దాకా మామూలుగానే ఊగుతుంది. 100 ఫైట్లకి ఆ ఊపు 5కి, 400కి 2.5కి తగ్గుతుంది.

దశ 10: తర్వాతి వెర్షన్‌లో మారేవి

1. టైటిల్ ఫైట్లు మాత్రమే అన్న హద్దు తీసేస్తున్నా. యూఎఫ్‌సీలో ఏడాదికి సుమారు 500 ఫైట్లు జరుగుతాయి, ఒక్క ఏడాది ఎక్కించినా పై లెక్కలో 400 దాటిపోతాం, దీవుల మధ్య వంతెనలు కూడా వాటంతటవే పడతాయి.

2. కొత్తగా వచ్చినవాళ్లకి 1500 ఇవ్వడం ఆపాలి. మనవాళ్లనే చూడండి: పూజా తోమర్ 2024 జూన్‌లో తన మొదటి యూఎఫ్‌సీ ఫైట్ స్ప్లిట్ నిర్ణయంతో (ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి తీర్పుతో) గెలిచింది, అన్షుల్ జుబ్లీ 2025 ఫిబ్రవరిలో 19 సెకన్లలో ఓడాడు. ఇప్పటి పద్ధతిలో ఇద్దరూ షీట్‌లోకి అడుగుపెట్టేది ఒకే అంకెతో. సగటు కంటే తక్కువ దగ్గర మొదలుపెట్టి, మొదటి కొన్ని ఫైట్లకి కె ఎక్కువ పెట్టి చూడాలి.

3. టేక్‌డౌన్ కాలమ్, ఫైట్ తేదీ నాటి అంకెతో. చేత్తో కూడటమే, షార్ట్‌కట్ లేదు. మొదట వెల్టర్‌వెయిట్, లైట్‌వెయిట్ రెండే.

4. తక్కువ నోటీసు ఉన్న వరసలకి కె సగం.

5. కె విలువ 2023 దాకా ఉన్న ఫైట్లతో తేల్చి, 2024 నుంచి ఉన్నవాటి మీద ముట్టుకోకుండా పరీక్షించాలి. మొద్దు సూత్రంలో 60కీ ఇదే రూలు.

షీట్ కాపీ చేసుకునేవాళ్లు ముందు దశ 3లోని మొత్తం 2.643 వస్తుందో లేదో చూసుకోండి. 2.64కి దగ్గర్లో రాకపోతే ఎక్కువగా ఎనిమిదో వరస దగ్గర చెడి ఉంటుంది: అప్పటికి చాంపియన్ ఎడ్వర్డ్స్, కానీ పాయింట్లు ఎక్కువ ఉన్నది ఉస్మాన్‌కి (1564.6కి ఎదురు 1519.8).